రాతిమనిషి చెయ్యి

పోస్టుకార్డు వచ్చేసరికి చిన్ని రెండు చేతులూ నీళ్ళలో ఉన్నాయి.

కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో ఆమె పని. ముందుగదిలో జనం అద్దాల ముందు నిలబడి ఫ్రేములు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని, ముఖాలు అటూ ఇటూ తిప్పి చూసుకుంటారు. వాళ్ళు ఎంచుకున్న ఫ్రేములో వాళ్ళ చూపుకి సరిపడే లెన్సుని అరగదీసి కూర్చోబెట్టడం చిన్ని వంతు. గుండ్రటి లెన్సు అంచుని తిరిగే రాయికి ఆనించి, నీటిధార కింద మెల్లగా తిప్పుతూ ఫ్రేము ఆకారానికి తేవాలి. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే లెన్సు లొడలొడలాడుతుంది. తక్కువ అరిగితే ఫ్రేము పగులుతుంది. అందుకని ఆమె పనిలో ఉన్నప్పుడు ఎవరూ పలకరించరు, బాబాయి తప్ప.

"నీకు కార్డొచ్చిందమ్మాయ్. ఈసారి వంతెన వచ్చిందో, పిల్లి వచ్చిందో చూసుకో," అన్నాడు బాబాయి. ఆయన ఆమెకి చుట్టమేమీ కాదు. పక్కబల్ల దగ్గర కూర్చుని వంకరపోయిన ఫ్రేములు సరిచేస్తాడు. దుకాణంలో అందరికీ బాబాయే.

ఎక్కడెక్కడి మనుషులో ముక్కూమొహం తెలియకుండా ఒకరికొకరు బొమ్మకార్డులు పంపుకునే బృందమొకటి ఉంది. చిన్ని అందులో చేరి చాలాకాలమైంది. ఆమె బల్ల పక్క గోడంతా వంతెనలు, పిల్లులు, రైలుస్టేషన్లు, ఎవరివో తోటలు. బృందంలో ఎవరి గురించి వాళ్ళు నాలుగు మాటలు రాసుకోవాలి. చిన్ని తన చిన్నప్పటి సినిమా గురించి రాసింది. బొమ్మలు గీసి తీసిన సినిమా. పేరు గుర్తులేదు. తల్లిని వెతుక్కుంటూ మంచుకొండ దాటే ఏనుగుపిల్ల, దాని నెత్తిమీద ఒక పసుప్పచ్చ పిట్ట. కొండమీద దారికడ్డంగా కూర్చున్న రాతిమనిషి. "ఆ రాతిమనిషి చెయ్యెత్తితే కొట్టడానికే అనుకుంటాం. కానీ వాడు ఏనుగుపిల్ల మీద మంచు పడకుండా చెయ్యి అడ్డుపెడతాడు. చలికాలమంతా అలాగే ఉంటాడు. లోకంలో అంతకన్నా మంచి సినిమా లేదు," అని రాసుకుంది.

చేతులు తుడుచుకుని కార్డు అందుకుంది. బొమ్మ చూసింది. అదే ఏనుగుపిల్ల. ఒక చెవి కిందికి మడిచిపెట్టినట్టుండే ఏనుగుపిల్ల. నెత్తిమీద అదే పిట్ట. ఇన్నేళ్ళ తర్వాత, తన తలలో తప్ప ఇంకెక్కడా లేదనుకున్నది, తడి ఆరని వేళ్ళ మధ్య అట్టముక్క మీద నిలబడి ఉంది.

"బాబాయ్, ఇదే. నేను చెప్తుంటానే, అదే సినిమా ఇది."

"ఏదీ, ఇటు చూపించు. ఏనుగు బావుంది. మరి నీ రాతిమనిషెక్కడే?"

అప్పుడు చూసింది చిన్ని. ఏనుగుపిల్ల నిలబడింది రాళ్ళకుప్ప మీద. ఆ రాళ్ళలో ఒకదానికి కన్ను ఉంది. ఇంకోదానికి సగం నోరు. కుప్పకి ఈ చివర, విడివిడిగా పడి ఉన్నవి వేళ్ళు. వెనక తల్లి ఏనుగు తొండమెత్తి నిలబడి ఉంది. దాని వెనక సూర్యుడు. కార్డు కింద సినిమా పేరు, దాని పక్కనే "చివరి దృశ్యం" అని అచ్చువేసి ఉంది.

వెనక్కి తిప్పింది. లావుపాటి అక్షరాలు.

"మీ పరిచయం చదివి, మీరు చెప్పేది ఏ సినిమానో వెంటనే గుర్తుపట్టాను. నేను పనిలోంచి రిటైరైన నర్సుని. మా పిల్లలతో కూర్చుని ఈ సినిమా ఎన్నిసార్లు చూశానో. అందులో రాతిమనిషిని తల్లి ఏనుగు పగలగొడుతుంది. వాడు చెయ్యి అడ్డుపెట్టడం నేనెప్పుడూ చూడలేదు. మీరు రాసింది చదివినప్పటి నుంచీ నా మనసు అక్కడే ఉంది. మీరు చూసిన సినిమా ఎక్కడ దొరుకుతుంది? చెప్పండి, నేనూ చూడాలి."

చిన్ని ఆ కార్డుని గోడకి తగిలించలేదు. పై జేబులో పెట్టుకుని మళ్ళీ రాయి ముందు కూర్చుంది. అరగదీయబోయి ఆగింది. లెన్సు తలకిందులుగా పట్టుకుని ఉంది.

"ఏమ్మా, కార్డులో ఏమన్నా చెడ్డ కబురా?" అన్నాడు బాబాయి.

"కాదు బాబాయ్. ఆవిడెవరో వేరే సినిమా చూసినట్టుంది."

*

సాయంత్రం తిన్నగా అక్క ఇంటికి వెళ్ళింది. ఆ సినిమా తనతో కలిసి చూసిన మనిషి అక్కొక్కతే.

అక్క సిటీబస్సు డ్రైవరు. మొన్నమొన్నటి దాకా. ఇరవై ఏళ్ళ పైచిలుకు బస్సు నడిపి ఎవరికీ గీత పడనివ్వలేదు. కిందటి నెల డిపోలో కళ్ళు పరీక్ష చేసి, ఎదురుగా చూపు బాగానే ఉంది కానీ పక్కచూపు తగ్గిపోతోందన్నారు. ఆ సాయంత్రమే బస్సు తాళాలు తీసుకుని, మర్నాటి నుంచి విచారణ కిటికీ దగ్గర కూర్చోమన్నారు. మందు వేస్తే ఉన్న చూపు నిలబడుతుందట. పోయింది రాదట. ఊళ్ళోవాళ్ళందరి చూపునీ సరిచేసే చిన్ని దగ్గర అక్కకి పెట్టడానికి లెన్సు లేదు. ఆ మాట ఇద్దరూ అనుకోలేదు, కానీ ఆ రోజు నుంచి చిన్ని అక్క కళ్ళలోకి సూటిగా చూడలేకపోతోంది.

వెళ్ళేసరికి అక్క వంటింటి బల్ల దగ్గర కూరగాయలు తరుగుతోంది. కత్తి కుడిపక్కకి జరిగితే, దాన్ని వెతకడానికి తల మొత్తం తిప్పింది. బావ ఎదురుగా కూర్చుని, విప్పిన ఫ్యాను మోటారు ఒళ్ళో పెట్టుకుని తీగ చుడుతున్నాడు. ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేయడం ఆయన వృత్తి.

"రా మరదలా. మీ అక్క ఇవాళ కిటికీ దగ్గర వందమందికి దారి చెప్పిందట. ఒక్కడికీ రెండో మాట చెప్పలేదట."

"అడిగిందానికి చెప్పాను. రెండో మాట ఎందుకు," అంది అక్క.

"అదే అంటున్నా. మీ అక్కకి కల వచ్చినా రూటు ప్రకారమే వస్తుంది, స్టాపు లేనిచోట ఆగదు."

అక్క సంగతి అంతే. ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. పెళ్ళిచూపుల్లో బావని, "మీకు జుట్టు పలచబడుతోంది, తెలుసా?" అని అడిగిన మనిషి. ఆమె చెప్పిందంటే ఇంట్లో ఇంకెవరూ వాకబు చెయ్యరు. అందుకే చిన్నికి ఎదురుగా ఉన్న కార్డు కన్నా అక్క మాట మీదే నమ్మకం.

"అక్కా, మన ఏనుగుపిల్ల సినిమా గుర్తుందా?"

"ఏం, ఎందుకు?"

చిన్ని కార్డు తీసి ఇచ్చింది. అక్క కత్తి కింద పెట్టి, చేతులు తుడుచుకుని, కార్డుని ముఖానికి ఎదురుగా పట్టుకుంది. తర్వాత దాన్ని ఎడమ నుంచి కుడికి మెల్లగా జరుపుతూ చూసింది. ఏనుగుపిల్లని చూసింది. తల్లిని చూసింది. రాళ్ళ దగ్గరికొచ్చి చాలాసేపు ఆగింది.

"ఓహో," అంది. "ఇలా అయిందన్నమాట."

చిన్నికి ఒక్కక్షణం అర్థం కాలేదు. "అయిందన్నమాట ఏంటక్కా? నువ్వు చూశావుగా."

"నేనెక్కడ చూశాను?"

"నేను మధ్యలో నిద్రపోయాను. నువ్వు చివరిదాకా చూసి నాకు చెప్పావు."

అక్క కార్డు బల్లమీద పెట్టింది. మళ్ళీ కత్తి తీసుకుంది కానీ తరగలేదు.

"నువ్వు హాల్లో నిద్రపోలేదే. బయట నిద్రపోయావు. మనల్ని బయటికి పంపేశారు."

బావ చేతిలో తీగ ఆగింది.

డిపోలో జరిగిన సంగతి రాసిచ్చినట్టు, ఒక్కో వాక్యం విడిగా పెట్టి చెప్పింది అక్క. అప్పుడు చిన్నికి ఐదేళ్ళు, తనకి పది. అమ్మ హాలు ఎదురుగా ఉన్న బట్టల దుకాణంలో మిషను కుట్టేది. ఆ మధ్యాహ్నం ఇద్దరినీ సీట్లలో కూర్చోబెట్టి, చూస్తుండమని టార్చిలైటు మనిషికి చెప్పి, పనికి వెళ్ళింది. సినిమా బాగానే సాగింది. రాతిమనిషి చెయ్యెత్తాడు. తెర సగం చెయ్యే. కింద ఏనుగుపిల్ల. అప్పుడు చిన్ని ఏడుపు మొదలెట్టింది.

"మామూలు ఏడుపు కాదు. కొడతాడు, కొడతాడు అని గుక్కపట్టావు. వెనకాల ఎవరో, ఆ పిల్లని బయటికి తీసుకుపొండి అని అరిచాడు. టార్చి మనమీద పడింది. ఏడుపు ఆగాక రండి అన్నాడు ఆ మనిషి. సరేనని నిన్నెత్తుకుని వసారాలోకొచ్చాను. తలుపేసేశాడు."

"తర్వాత?"

"నీ ఏడుపు ఆగలేదు. ఏనుగుపిల్లని చంపేశాడా అంటావు. తలుపు వెనకనుంచి చప్పుడు వినబడుతోంది కదా. పెద్ద చప్పుడు. దబదబమని ఏవో పడుతున్నాయి. చూశావా కొట్టేశాడు అంటావు. కొట్టలేదే, అది వాడి భుజాల మీంచి మంచు జారిపడుతోంది అన్నాను."

చిన్ని కదలకుండా కూర్చుంది. ఆ మంచు తనకి తెలుసు. రాతిమనిషి చెయ్యి ఎత్తగానే, వెయ్యేళ్ళుగా భుజాల మీద పేరుకున్న మంచు కొండచరియలా జారి కిందపడటం తను కళ్ళారా చూసింది. చూశానని అనుకుంది.

"మరి చెయ్యెందుకెత్తాడు అన్నావు. ఏదో ఒకటి చెప్పాలి కదా. ఏనుగుపిల్ల మీద మంచు పడకుండా అన్నాను. ఇంతలో లోపల అందరూ చప్పట్లు కొట్టారు. అదెందుకు అన్నావు. పిట్ట ఆ చేతిలో గూడు కట్టింది, గుడ్లు పిల్లలయ్యాయి, అందుకు అన్నాను. ఏనుగు ఘీంకరించింది. అది మాత్రం వాళ్ళమ్మే అన్నాను. అదొక్కటీ నిజమే అయినట్టుంది," అని కార్డు వైపు చూసింది. "తర్వాత నువ్వు నా భుజం మీద పడి నిద్రపోయావు."

"మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చుగా మరి?"

"వెళ్ళాను. తలుపు కొట్టాను. చెల్లి ఏడుపాపిందండీ, నిద్రపోయింది అన్నాను. ఇంకేముంది, అయిపోవచ్చింది, అక్కడే ఉండు అన్నాడు. ఏడుపు ఆగాక రమ్మన్నారుగా అన్నాను. మళ్ళీ తలుపేసేశాడు." అక్క ఒక ముక్క తరిగింది. "నేను ఏడవలేదు. నన్నెందుకు పంపారో నాకు అప్పుడూ అర్థం కాలేదు."

బావ మెల్లగా అడిగాడు. "మీ అమ్మకి చెప్పలేదా?"

"పొద్దున్నుంచీ మిషను తొక్కి, పిల్లలకి సినిమా చూపించానని సంబరంగా వచ్చింది. బావుందా అంది. బావుంది అన్నాను. మర్నాడు ఈ మహాతల్లి వీధిలో పిల్లలందరినీ పోగేసి రాతిమనిషి కథ మొదలెట్టింది. నేను కాదనేలోపే పేటంతా పాకింది. ఇంకేం కాదంటాను."

*

ఇంటికి తిరిగి వెళ్తున్నప్పుడు చిన్నికి బస్సులో సీటు దొరికింది. కార్డు చేతిలోనే ఉంది కానీ చూడలేదు.

మోసపోయానని ఎక్కడో ఒకచోట అనిపించాలి కదా అని తనలో తను వెతుక్కుంది. అలాంటిదేమీ దొరకలేదు. దొరికిందల్లా ఒక వసారా. మూసిన తలుపు. చంకలో తను మోయగలిగినదానికన్నా బరువైన చెల్లెలితో ఒక పదేళ్ళ పిల్ల. ఆ తలుపు అవతల రాతిమనిషిని ముక్కలు ముక్కలుగా పగలగొడుతున్నారు. ఒక్కో దెబ్బ చప్పుడూ బయటికి వస్తోంది. వచ్చిన చప్పుడుని వచ్చినట్టే పట్టుకుని, ఆలోచించుకోవడానికి వ్యవధి కూడా లేకుండా, మంచు చేసి, గూడు చేసి, పిట్టపిల్లలు చేసి చెల్లెలి చేతికిచ్చింది. ఆ పిల్లకీ ఏనుగుపిల్ల ఏమైందో తెలియదు. ఆ పిల్లకీ భయం వేసే ఉంటుంది. ఆమెకి చెప్పడానికి ఎవరూ లేరు.

తనకి జ్వరం వచ్చినప్పుడల్లా చిన్ని ఆ చెయ్యి కింద పడుకుంది. ప్రసవం రోజు పళ్ళు బిగించి ఆ చేతినే తలుచుకుంది. కూతురు చీకటికి భయపడితే ఆ చేతినే కప్పింది. ఎక్కడో పెద్దపెద్ద వాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుని గీసిన సినిమా అనుకుంది. అక్క చేసిందది. కలలో కూడా రూటు తప్పని అక్క.

మర్నాడు పనిలో, కొత్తగా అరగదీసిన లెన్సుని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నప్పుడు, చిన్ని ఎప్పటికన్నా ఎక్కువసేపు అలాగే ఉండిపోయింది.

"గీత ఏమన్నా పడిందా?" అన్నాడు బాబాయి.

"లేదు. బాబాయ్, మీరు చిన్నప్పటి నుంచీ చూస్తున్న మనిషి, మీకు తెలియనే తెలియదని ఎప్పుడన్నా అనిపించిందా?"

బాబాయి స్క్రూ బిగించి, ఫ్రేముని బల్లమీద పెట్టి, దాని రెండు కాళ్ళూ సమంగా ఆనాయో లేదో చూశాడు. "మా ఆవిడ పాడుతుందని పెళ్ళైన పదేళ్ళకి తెలిసింది. నేను ఇంట్లో లేననుకుని పాడింది. గుమ్మంలోనే నిలబడిపోయాను."

"మళ్ళీ పాడిందా?"

"నన్ను చూసి ఆపేసింది. అప్పటి నుంచి ఇంటికెళ్ళేటప్పుడు చప్పుడు చెయ్యకుండా వెళ్తాను."

*

సినిమా పేరు దొరికింది కాబట్టి సినిమా దొరకడం కష్టం కాలేదు. బావ ఫోనులో వెతికి, దాన్ని టీవీకి కలిపాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురూ ముందుగదిలో కూర్చున్నారు. అక్క కుర్చీని టీవీకి సరిగ్గా ఎదురుగా, బాగా దగ్గరగా వేసుకుంది.

"అంత దగ్గరగా అయితే బస్సు ఎక్కించేస్తావే దానిమీదికి," అన్నాడు బావ.

"నువ్వు పక్కకి తప్పుకో. హారను కొట్టను."

చాలా రోజుల తర్వాత అక్క నోట వచ్చిన హాస్యం అది. బావ చిన్ని వైపు చూసి కనుబొమలెత్తాడు.

సినిమా మొదలైంది. చిన్ని అనుకున్నదానికన్నా రంగులు వెలిసిపోయి ఉన్నాయి. కానీ ఏనుగుపిల్ల మొదటి అడుగు మంచులో దిగి, మోకాలిదాకా కూరుకుపోయి, ఆశ్చర్యంగా కిందికి చూసుకున్నప్పుడు, చిన్ని తన కాళ్ళు కుర్చీ పైకి ముడుచుకుంది. గీతలతో గీసిన కాలు. అయినా దాని బరువు తెలుస్తోంది. పిట్ట పాడింది. అక్క పెదాలు కదిలాయి. ఆ పాట అక్కకి వచ్చు.

కొండ వచ్చింది. కొండ అనుకున్నది కళ్ళు తెరిచింది. రాతిమనిషి లేచి కూర్చుంటుంటే తెర సరిపోలేదు. చెయ్యి పైకి లేచింది. చిన్నికి నిజంగానే భయం వేసింది. పక్కనున్న అక్క చెయ్యి పట్టుకుంది.

"ఇక్కడే," అంది అక్క.

ఇక్కణ్ణుంచి ఇద్దరూ చూడనిది.

తల్లి ఏనుగు కొండ వెనకనుంచి పరుగున వచ్చి ఢీకొట్టింది. భుజం విరిగిపడింది. దబదబమని చప్పుడు.

"ఇదే," అంది అక్క, కళ్ళు తెర మీదే ఉంచి. "ఈ చప్పుడే మంచన్నాను."

రెండో భుజం. మోకాలు. రాతిమనిషి ఎందుకు కొడుతున్నారో తెలియనట్టు ఒకసారి అటు, ఒకసారి ఇటు చూశాడు. ఎత్తిన చెయ్యి దించకుండానే విరిగాడు. వేళ్ళు ఒక్కొక్కటే దొర్లుకుంటూ పోయాయి. తల్లి ఘీంకరించింది. సూర్యుడు వచ్చాడు. ఏనుగుపిల్ల కుప్ప మీదికి ఎక్కి నిలబడింది. కార్డు మీద ఉన్న బొమ్మ అది.

పేర్లు పడటం మొదలైంది. అక్క పైట చెంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"పాపం," అంది. "వాణ్ని ఒక్కమాట కూడా అడగలేదు."

కాసేపటికి చిన్ని వైపు తల తిప్పింది. ఇప్పుడు ఆమెకి మనిషిని చూడాలంటే తల మొత్తం తిప్పాలి. అందువల్ల ఆ చూపు పూర్తిగా వచ్చి చిన్ని మీద నిలిచింది. చిన్ని ఈసారి చూపు దించుకోలేదు.

"నేను చెప్పిందాంట్లో వాడేమయ్యాడే?"

"నీకు గుర్తులేదా?"

"మంచు, గూడు, గుడ్లు. అంతే గుర్తు. నేను చెప్పింది ఆ ఒక్కసారేగా. మళ్ళీ అడిగితే, నీకొచ్చుగా, ఇంకెందుకు అనేదాన్ని. నాకు రాదు కాబట్టి."

బావ టీవీ ఆపేశాడు. లేచి వెళ్ళబోయినవాడు వెళ్ళకుండా గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

చిన్ని చెప్పడం మొదలెట్టింది. ఎందరికో చెప్పిన కథ. దాన్ని చేసిన మనిషికి చెప్పడం ఇదే మొదలు. రాతిమనిషి చెయ్యెత్తగానే భుజాల మీది మంచు జారింది. ఆ చెయ్యి ఏనుగుపిల్ల మీదికి వచ్చి ఆగింది. ఏనుగుపిల్ల ఒక కన్ను తెరిచి చూస్తే మంచు పడటం లేదు. పిట్ట ఎగిరి అరచేతి మీద వాలింది. అరచెయ్యి వెచ్చగా ఉంది. ఎందుకంటే రాతిమనిషి లోపల పాత ఎండ దాచుకున్నాడు. ఎండాకాలాల్లో ఎవరూ లేనప్పుడు కూర్చుని పోగేసుకున్న ఎండ.

"ఎండ దాచుకున్నాడా?" అంది అక్క. "నేనన్నానా ఆ మాట?"

"నువ్వే అన్నావు."

అక్క మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి ముందుకి వంగింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ముఖంలో ఎప్పుడూ ఉండే ఆ గట్టిదనం ఎటు పోయిందో పోయింది. చిన్ని ఎరగని ముఖం అది. బహుశా తెర ముందు, చీకట్లో, ఏడుపు మొదలవడానికి ముందు, ఆ పదేళ్ళ పిల్ల ముఖం అలా ఉండి ఉంటుంది.

చిన్ని కథ సాగించింది. పిట్ట గూడు కట్టింది. గుడ్లు పెట్టింది. ఇంక రాతిమనిషి కదలడానికి లేదు. కదిలితే పైన గూడు పడిపోతుంది, కింద ఏనుగుపిల్ల తడిసిపోతుంది. గాలి వచ్చినా, తోడేళ్ళు వచ్చి కాళ్ళ మీద గీరినా, చలికాలమంతా చెయ్యి చాపుకుని కూర్చున్నాడు.

"చెయ్యి నొప్పెట్టలేదా వాడికి?" అంది అక్క.

"నేనూ అదే అడిగాను నిన్ను."

"ఏమన్నాను?"

"చాలా నొప్పెట్టింది అన్నావు. పడిపోతుందేమో అన్నంత నొప్పెట్టింది. కానీ కింద ఏనుగుపిల్ల నిద్రపోయింది. లేపితే మళ్ళీ భయపడుతుంది. అందుకని అలాగే ఉంచాడు అన్నావు."

చెప్తూ చెప్తూ చిన్ని ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా తన నోటితోనే చెప్తున్న మాట, మొదటిసారి చెవికి తగిలింది.

అక్క తన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో భుజం దగ్గర్నుంచి మణికట్టుదాకా మెల్లగా నిమురుకుంది.

"నువ్వు బరువుండేదానివి," అంది.